రాసిందెవరు?

'నొసటి రాత' అన్నమాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. దేవుడి మీద కోపం కాదు. ఆ రాత చాటున ఎవరెవరు తప్పించుకుపోతున్నారో చూసి.

1942-43లో జపాన్ సైన్యం సయాం నుంచి బర్మాకు 415 కిలోమీటర్ల రైలుదారి వేయించింది. మలయా రబ్బరు తోటల్లోని తమిళ, తెలుగు కూలీలను కొందరిని కూలి ఆశ చూపి, కొందరిని పట్టుకుపోయి అడవిలో దించింది. వెదురు పాకలు, బురద నేల, పురుగు బియ్యం. 1943లో పై నుంచి గడువు తగ్గించారు. పని గంటలు పెరిగాయి, వాన పట్టింది, కలరా వచ్చింది. కూలీలతో పాటు పని చేయించిన యుద్ధఖైదీల్లో పోయినవాళ్లు 12 వేల పైచిలుకు. ఆ రైలుదారి మీది కాంచనబురిలో వాళ్లలో చాలామందికి పేర్లు చెక్కిన సమాధులున్నాయి. ఆసియా కూలీలు సుమారు 90 వేలట, అదీ అంచనాయే. గడువు తగ్గించింది బ్రహ్మ కాదు, సైనిక కార్యాలయం. అలాంటప్పుడు కూలీ నొసలు ఎందుకు వెతకాలి?

ఇక్కడిదాకా నా వాదానికి ఢోకా లేదు. తడబడింది మా గాంధారి మండలంలోనే.

అక్కడి ఓ ఊరికి గల్ఫ్ నుంచి ఓ కూలీ శవంతో పెట్టె వచ్చింది. గల్ఫ్ కూలీల క్యాంపును ఆ అడవితో పోల్చను, అది ఇద్దరికీ అన్యాయం. శంషాబాద్ నుంచి అంబులెన్సులో తెచ్చి వాకిట్లో దించారు. పెట్టెకు అంటించిన కాగితం మీద బరువు కిలోల్లో ఉంది. చెక్కదీ మనిషిదీ కలిపి ఒకటే అంకె. చుట్టూ అందరూ "వాని రాత గంతే" అంటున్నారు. ఉండబట్టలేక తల్లితో అన్నాను: "రాత గాదు పెద్దమ్మా, మంట ఎండల పని చేపిచ్చిండ్రు. కంపెనోన్ని అడగాలె."

ఆమె నా మొహం చూసింది. "అడుగు బిడ్డా. గని మిత్తికి తెచ్చి ఏజెంటుకు కట్టింది నేనే. వద్దంటె ఇననిది నేనే. రాత కాదంటె, నా కొడుకును నేనే సంపుకున్నట్టా?"

నేను దోషిని వెతికితే, నేరం ముందుగా ఆమె తలకే చుట్టుకుంది.

రాత లాంటి మాట ఆమె ఒక్కతే అనలేదు. నాజీల అవుష్విట్జ్ క్యాంపు నుంచి బతికొచ్చిన ఇటలీ రచయిత ప్రీమో లేవీ కూడా తనది అదృష్టమనే చెప్పుకున్నాడు. అతన్ని అక్కడికి చేర్చింది 1944లో. అప్పటికి కూలీలు చాలక, ఖైదీలను కాస్త ఎక్కువ కాలం బతకనిచ్చి పని పిండుకోవాలని జర్మన్ ప్రభుత్వం లెక్క మార్చుకుంది. అయినా అతనొచ్చిన రైలులోని 650 మందిలో ఐదు వందలకు పైగా రెండు రోజులైనా మిగల్లేదు. 1945 జనవరిలో నడవగలిగిన వాళ్లను మంచులో తోలుకుపోతే దారి పొడవునా రాలిపోయారు. లేవీ స్కార్లెట్ జ్వరంతో క్యాంపు ఆస్పత్రిలో పడి ఉన్నాడు కాబట్టి దక్కాడు. అంటే అతని అదృష్టంలో సగం ఏదో ఆఫీసు కాగితం మీద రాసిందే. మిగతా సగం జ్వరం. దాన్ని ఎవరు రాశారని అడగను? అక్కడ నా దగ్గరా జవాబు లేదు.

సరే, పెద్దమ్మ రాత అంటే కాదనను, లాభం తిన్నవాడు అంటే ఒప్పుకోను అని సర్దుకుందామనుకున్నాను. కానీ ఆ రోజు ఏజెంటు కూడా వాకిట్లోనే ఉన్నాడు. పక్క ఊరివాడు. సొంత తమ్ముణ్ణీ అదే కంపెనీకి పంపాడట. అందరికంటే గట్టిగా ఏడ్చి, "రాసిపెట్టి ఉన్నది, ఏం జేస్తం" అన్నదీ అతనే. అతన్ని ఏ పక్కన నిలబెట్టాలో నాకింకా తేలలేదు.