మొహమాటం ఖరీదు

హబ్సిగూడలో మా వీధి చీటీ పదేళ్లు సాఫీగా నడిచింది. నడిపినాయన రిటైర్డ్ ఉద్యోగి. పేరెందుకు లెండి. మా నాన్నకి గుండెనొప్పి వచ్చిన రాత్రి తార్నాకలో ఆసుపత్రి దాకా తన కారులో తీసుకెళ్లింది ఆయనే. ఆ తర్వాత, 'మీ చీటీకి రిజిస్ట్రేషన్ ఉందా సార్?' అని అడగడానికి నాకు నోరెలా వస్తుంది? ఒకరోజు ఆ ఇంటికి తాళం కనబడింది. ఐపీ పెట్టాడని వారం తర్వాత తెలిసింది. "అంత మంచాయన!" అన్నారందరూ. ఆ మంచితనమంతా నటన అనుకోగలిగితే తేలిగ్గా ఉండేది. కానీ ఆ రాత్రి కారు నిజం, మా నాన్న బతకడమూ నిజం.

సత్యం రామలింగరాజు విషయంలోనూ నాకు ఇదే తోస్తుంది. 2005లో మొదలైన 108 అంబులెన్సుల వెనక ఉన్నది ఆయనే. ఆ బండి నిజంగానే వచ్చేది, ప్రాణాలు నిజంగానే నిలిచేవి. 2009 జనవరి 7న ఆయనే ఉత్తరం రాసి ఒప్పుకున్నాడు, లెక్కల్లో చూపిన 5,361 కోట్ల నగదులో 5,040 కోట్లు లేనే లేవని. (అంతకు కొన్ని నెలల ముందే ఆ కంపెనీకి పాలన బాగుందంటూ గోల్డెన్ పీకాక్ అవార్డు వచ్చింది!) అంబులెన్సు పెట్టినవాడు లెక్కలు సరిగ్గా రాస్తాడని మనకెవరూ చెప్పలేదు. ఒకచోట రుజువైన మంచితనాన్ని ఇంకోచోటికి మనమే మోసుకెళ్లాం.

మన సంగతి సరే. మొహమాటం లేకుండా అడగడానికే కదా ఆడిటర్లకు డబ్బులిచ్చేది? బ్యాంకులో ఎంత ఉందో వాళ్లు నేరుగా బ్యాంకునే అడిగి తెలుసుకోవాలి. ఆ పనిని కంపెనీ చేతికే వదిలేశారని 2011లో అమెరికా నియంత్రణ సంస్థలు తప్పుపట్టాయి.

ఆనెట్ బేయర్ అనే తత్త్వవేత్త 1986లో రాసిన ఒక వ్యాసంలో నమ్మకానికి ఒక పరీక్ష పెట్టింది. ఎదుటివాడు నాలో దేన్ని ఆసరా చేసుకున్నాడో నాకు తెలిశాక కూడా ఆ నమ్మకం నిలబడుతుందా? మా చీటీ నిలబడదు. ఆయన ఆసరా చేసుకున్నది నా నమ్మకాన్ని కాదు, నా మొహమాటాన్ని. నాకు అనుమానమే రాలేదంటే అబద్ధం. వచ్చింది. అడిగితే కృతజ్ఞత లేనివాణ్ణవుతానని మింగేశాను.

మొన్న ఎదురింటి ఆంటీ కొత్త చీటీ మొదలుపెడుతూ మా ఇంటికొచ్చింది. ఈసారి అడిగేశాను, "రిజిస్టర్ చేయించారా ఆంటీ?" అని. ఆమె టీ కప్పు కింద పెట్టేసింది. "పాతికేళ్ల నుంచి చూస్తున్నవు కదా నన్ను," అంది. నిజమే. ఆమె ఎవరికైనా ఒక్క రూపాయి ఎగ్గొట్టిందని నేనెన్నడూ వినలేదు. ఇప్పుడు గేటు దగ్గర ఎదురుపడితే ముఖం తిప్పుకుని వెళ్తోంది.