శాలువా కప్పేముందు ఒక మాట

బిడ్డా,

మొన్న రాత్రి ఫోన్ చేసి, "తాతా, సెప్టెంబర్ 17కి మన పెద్దవూరలో పాత తెలంగాణ పోరాటం మనుషులకూ మాజీ సైనికులకూ కలిపి సన్మానం పెడుతున్నాం, పేర్లు చెప్పు" అన్నావు. చెబుతానన్నాను గాని, పడుకున్నాక వేళ్లు మడుస్తూ ఎంచుతుంటే పోయినవాళ్ల పేర్లే ముందొచ్చాయి. అందుకే ఫోన్లో చెప్పకుండా రాస్తున్నాను. కాస్త పొడుగవుతుంది, ఓపిక పట్టు.

నేను పోలీసు చర్య జరిగిన యేడాది పుట్టినవాణ్ని. నాకే 78 నిండుతున్నాయి. అప్పటికి పదిహేనేళ్లున్న పిల్లవాడు బతికుంటే ఇప్పుడు వాడికి 93. నాకు తెలిసి మన చుట్టుపక్కల కమ్యూనిస్టు దళంలో తిరిగిన మనిషి ఒక్కరూ మిగల్లేదు. వాళ్ల ఇల్లాళ్లు ఇద్దరున్నారు. ఒకామెకు చెవులు వినపడవు, ఇంకొకామె హైదరాబాద్‌లో మనవడి దగ్గర ఉంది. ఇక మిలిటరీ నుంచి వచ్చినవాళ్లలో 1971 యుద్ధం చూసినవాళ్లే అందరికంటే పెద్దలు. వాళ్లూ ఎనభైకి అటూ ఇటూ ఉన్నారు. నీ జాబితా చిన్నదే. చిన్నది గనకే ఒక్కొక్కరి ఇంటికి నువ్వే స్వయంగా పోవచ్చు.

పోరాటం వాళ్లనూ మిలిటరీ వాళ్లనూ ఒకే సభలో కూర్చోబెడతానన్నావు చూడు, నాకు నవ్వొచ్చింది. ఎందుకో చెప్తా. బస్టాండ్ దగ్గర చాయ్ హోటల్ ఉండేది. రోజూ సాయంత్రం అక్కడ దళం మనిషి పెద్దాయన ఒకరు, మన మిలిటరాయన ఒకరు కూర్చునేవాళ్లు. పెద్దాయన మొదలుపెట్టేవాడు: "మీ పటాలమే గదరా మామీద తుపాకులు పెట్టింది!" మిలిటరాయన చాయ్ ఊదుకుంటూ, "నేను పటాలంల చేరింది 1967ల పెద్దయ్యా. నువ్వు చెప్పేనాటికి నేను పాలు తాగుతున్న" అనేవాడు. నలుగురూ నవ్వేవాళ్లు. పెద్దాయన మాత్రం నవ్వేవాడు కాదు.

పెద్దాయన మాటలో అబద్ధం లేదు. 1948 సెప్టెంబర్ 13న పోలీసు చర్య పేరుతో బెజవాడ వైపు నుంచి బయల్దేరిన భారత సైన్యం కోదాడ, మునగాల మీదుగా సూర్యాపేటకు వచ్చింది. వెనక్కి తగ్గుతూ నిజాం సైన్యం మూసీ మీది వంతెనను పాడుచేసింది. అయిదు రోజుల్లో నిజాం లొంగిపోయాడు. రజాకార్ల పీడ వదిలిందని ఊళ్లన్నీ సంబరపడ్డాయి. కాని దున్నుకుంటున్న భూములు మళ్లీ దొరల చేతికి పోతాయన్న భయంతో దళాలు తుపాకులు దించలేదు. అదే సైన్యం ఆ తర్వాత దళాల వెంటపడింది. కొన్ని దళాలు కృష్ణ దాటి నల్లమలకు, కొన్ని గోదావరి అడవులకు పోయాయి. 1951 అక్టోబర్ 21న కమ్యూనిస్టు పార్టీ పోరాటాన్ని విరమించేదాకా అదంతా సాగింది. ఆ మూడేళ్లు మన నల్లగొండ జిల్లాలో ఇల్లిల్లూ ఎరిగినవే. నీ పాఠ్యపుస్తకంలో మాత్రం సెప్టెంబర్ 17తో కథ ఐపోతుంది.

ఆ తేదీకి పేరు పెట్టడంలోనే ఇంకా తగువు తీరలేదు. విమోచనమని కేంద్రం, 2022లో సమైక్యతా దినమని రాష్ట్రం, 2024లో ప్రజాపాలన దినోత్సవమని ఇంకో ప్రభుత్వం. నీ ఫ్లెక్సీ మీద ఏం రాయాలో నన్ను అడగకు. ఏం రాసినా ఒకరు అలుగుతారు. తారీఖు రాసి ఊరుకో.

ఇప్పుడు అసలు సంగతికి వస్తా. స్వాతంత్ర్య సమరయోధుల పింఛను కేంద్రం 1972 ఆగస్టు 15న మొదలుపెట్టింది. తర్వాత మన హైదరాబాద్ సంస్థానం విలీన పోరాటాన్నీ అందులో చేర్చింది. నిబంధన ఏమిటంటే ఆరు నెలలు జైల్లో ఉండాలి. ఆడవాళ్లకు, ఎస్సీ, ఎస్టీలకు మూడు నెలలు చాలు. లేదంటే ఆరు నెలలు అజ్ఞాతంలో ఉన్నట్టు రుజువు చూపాలి. ఆ రుజువేమిటి? నిన్ను పట్టిస్తే ఇంత ఇనామని సర్కారు ప్రకటించి ఉండాలి, లేదా నీ పేరున వారెంటో, నిర్బంధ ఉత్తర్వో ఉండాలి.

ఇందులో మెలిక చూడు. పట్టుబడినవాడికి జైలు కాగితం ఉంటుంది. ఒడుపుగా తప్పించుకున్నవాడి దగ్గర ఏ కాగితమూ ఉండదు. దళాన్ని నడిపిన మల్లు స్వరాజ్యం తలకు పదివేల రూపాయలు వెల కట్టారు. చీకట్లో దళానికి జొన్నరొట్టెలు మోసుకుపోయిన మనిషి తలకు ఎవరు వెల కడతారు? చల్లకుండలో చీటీ దాచి ఊరూరా తిప్పిన కొరియర్ గొప్పతనమంతా దొరక్కపోవడంలోనే ఉంది. పింఛను కాగితం ముందు ఆ దొరక్కపోవడమే నేరమైంది.

పైగా దళంలో పేర్లు వేరు. స్వరాజ్యమే అడవిలో రాజక్క. పోలీసు దస్తావేజులు ఉర్దూలో ఉండేవి, వాటిమీద ఏళ్లు ఫసలీలో ఉండేవి. 1357 ఫసలీ అంటే 1947-48 అని ఎవరైనా చెప్తే తప్ప తెలియదు. రికార్డు దొరకనప్పుడు, దొరకలేదని సర్కారు నుంచి ఒక పత్రం తేవాలి. "ఇతన్ని నేనెరుగుదును" అని జైలుకు పోయినట్టు రుజువైన నాయకుడెవరైనా ఇంకొకటి రాసివ్వాలి. చదువురాని మనిషి ఇవన్నీ పట్టుకుని ఎన్ని గుమ్మాలు తొక్కగలడు? నేను బడిపంతుల్ని గనక నా దగ్గరికొచ్చేవాళ్లు. ఇరవై దరఖాస్తుల దాకా రాసిపెట్టి ఉంటాను. సగానికి పైగా తిరిగొచ్చాయి. చాయ్ హోటల్ పెద్దాయనది మూడుసార్లు తిరిగొచ్చింది. నాలుగోసారి రాయొద్దన్నాడు. "నేను ఉన్నా అనడానికి సాక్షులు కావాల్నంటే, ఆ సాక్షులు నాకంటే ముందే సచ్చిపోయిన్రు పంతులూ" అన్నాడు.

ఆయన్ని సభలకు మాత్రం పిలిచేవాళ్లు. ప్రతి యేడూ శాలువా. ఆయన పోయాక ఇల్లు సర్దుతుంటే ట్రంకుపెట్టె నిండా శాలువాలే. ఆయన భార్య వాటిని పక్కన పక్కన వేసి బొంత కుట్టింది. చలికాలం మనవలు అదే కప్పుకుంటారు. నీ శాలువానూ అందులో ఒక అతుకుగా తీసుకుంటుంది, కాదనదు. నేనడిగేదల్లా, శాలువా తీసుకుపోయిననాడు ఆ ఇంట్లో ఓ గంట కూర్చోమని.

కూర్చోవడం గురించి నా తప్పొకటి చెప్పాలి. 1986లో స్త్రీశక్తి సంఘటన వాళ్లు 'మనకు తెలియని మన చరిత్ర' అనే పుస్తకం వేశారు. తెలంగాణ పోరాటంలో ఉన్న ఆడవాళ్ల దగ్గరికి పోయి, వాళ్లు చెప్పిందంతా వాళ్ల మాటల్లోనే అచ్చువేశారు. అది చదివి నాకు సిగ్గేసింది. మన వీధిలోనే కొరియర్‌గా తిరిగిన పెద్దమ్మ ఉంటే నేను ఏనాడూ ఏమీ అడగలేదు. ఒక టేప్ రికార్డర్ అడిగి తెచ్చి, రెండు సాయంత్రాలు ఆమె ముందు పెట్టాను. క్యాసెట్ రెండు వైపులా నిండింది. మంచి పనే చేశానని అలమరలో పెట్టుకున్నా. కాగితం మీదికి ఎక్కించడం మాత్రం ఈ సెలవుల్లో, వచ్చే సెలవుల్లో అని వాయిదా వేశా. ఈలోపు మా పెద్దోడు ఖాళీ క్యాసెట్ అనుకుని దానిమీద సినిమా పాటలు ఎక్కించాడు. అప్పటికే ఆమె పోయి యేడాది. ఇప్పటికీ ఆ క్యాసెట్‌లో ఒక పాటకూ ఇంకో పాటకూ నడుమ ఆమె దగ్గు వినిపిస్తుంది. ఆమె చెప్పినదాంట్లో అదే మిగిలింది.

నీ చేతిలో ఫోనుంది. నాకున్న ఇబ్బంది నీకు లేదు. రికార్డు చేసిన రోజే ఇంకోచోట దాచు, ఒక నకలు బడికివ్వు, నీ చేత్తో నోటుబుక్కులోనూ రాయి. "యుద్ధం గురించి చెప్పు తాతా" అని అడగకు. అలా అడిగితే నలుగురికీ చెప్పి చెప్పి అరిగిపోయిన ఉపన్యాసమే వస్తుంది. ఆ రోజుల్లో ఏం తిన్నారు, చెప్పులు ఉండేవా, ఇంటికి ఉత్తరం ఎవరు రాసిపెట్టేవారు అని అడుగు. ఏడుపొస్తే ఆపమనకు, నీళ్లిచ్చి కూర్చో.

చచ్చాక గుర్తుపెట్టుకోవడం మనకు బాగానే వచ్చు. తెలంగాణ పోరాటంలో నిలిచిన చాకలి ఐలమ్మ 1985లో పోయింది. కోఠి మహిళా విశ్వవిద్యాలయానికి ఆమె పేరు పెట్టింది 2024లో. మంచిదే, ఆడపిల్లలు చదివే చోటుకు ఆ పేరు ఉండాల్సిందే. సూర్యాపేటలో కల్నల్ సంతోష్ బాబు విగ్రహం చూశావు గదా. 2020 జూన్ 15న గల్వాన్‌లో ప్రాణమిచ్చిన బిడ్డ, ఆ తర్వాత మహావీర చక్ర ఇచ్చారు. ఆయన అంత్యక్రియలనాడు ఆ ఊరంతా వీధిలోనే ఉంది. తాడేపల్లిగూడెం దగ్గర మాధవరమని ఒక ఊరుంది. రెండు ప్రపంచ యుద్ధాలకూ ఇంటింటి నుంచి పోయారు గనక దాన్ని మిలిటరీ మాధవరమనే అంటారు. అక్కడ స్మారకమూ ఉంది. యుద్ధంలో పోయినవాడికి రాయి నిలబెడతాం. బతికి తిరిగొచ్చి, ఎవుసం చేసి, మోకాళ్లు అరిగి, అరుగుమీద కూర్చున్నవాడు మనకు మామూలు ముసలాయన.

మన మిలిటరాయన సంగతే చూడు. 1971 డిసెంబర్‌లో తూర్పు వైపు ఉన్నాడు. గడువు పూర్తయి ఇంటికొచ్చేనాటికి సర్వీసు పదిహేనేళ్లు నిండలేదు. జవానుకు పింఛను రావాలంటే పదిహేనేళ్లు ఉండాలి. అందుకని పింఛను లేదు. పింఛనున్న మాజీ సైనికులకు 2003 నుంచి వైద్యానికి ఈసీహెచ్ఎస్ ఉంది, ఈయనకు అదీ లేదు. అయితే ఇలాంటివాళ్ల కోసమే ఒక సాయం ఉంది. హవల్దారు స్థాయి దాకా ఉండి, పింఛను లేక, 65 దాటి, వేరే ఆదాయం లేనివాళ్లకూ వాళ్ల వితంతువులకూ రక్షణ మంత్రి మాజీ సైనికుల సంక్షేమ నిధి నుంచి నెలకు 4,000 ఇచ్చేవారు. 2025 నవంబర్ 1 నుంచి దాన్ని 8,000 చేశారు. దరఖాస్తు సైనిక సంక్షేమ కార్యాలయం ద్వారా పోవాలి. ఈ ముక్క ఆయనకు ఇన్నేళ్లూ తెలియదు. నాకూ తెలియదు. ఇంతమందిమి ఉండి ఆయనకు ఎన్నేళ్ల సొమ్ము పోగొట్టామో లెక్కవేస్తే తల తిరిగింది.

తెలిశాక డిశ్చార్జి పుస్తకం అడిగితే, దూలం కింద నుంచి తీశాడు. వాన నీళ్లకు అంచులు కరిగిపోయాయి. భార్య పేరు అందులో ఒకలా, ఆధార్‌లో ఇంకోలా ఉంది. ఆయన ఉండగానే అది సరిచేయించాలి. లేకపోతే రేపు ఆమె ఒంటరిగా ఆ పేరు తేడా పట్టుకుని తిరగాలి. నీ జాబితాలో ఉన్న ప్రతి ఇంటా ఇదొక్కటి చూడు: ఆయన కాగితంలో ఆమె పేరు సరిగ్గా ఉందా అని. పింఛనున్నవాళ్ల విషయంలో పుట్టినతేదీ కూడా చూడు. ఎనభై నిండితే పింఛను 20 శాతం పెరుగుతుంది, 85కు 30, 90కి 40, 95కు 50, నూరేళ్లు నిండితే రెట్టింపు. యేటేటా బతికే ఉన్నానని చెప్పే లైఫ్ సర్టిఫికెట్ ఒకటుంటుంది. నాగలి పట్టిన వేళ్లకు గీతలు అరిగి మిషన్ వేలిముద్ర తీసుకోదు. ఫోన్‌లో ముఖం చూపించి చేసే పద్ధతి ఉంది. నీకైతే అయిదు నిమిషాల పని, ఆయనకైతే రెండు రోజుల తిరుగుడు.

సభ వద్దనడం లేదు, పెట్టు. కాని పెద్దవాళ్లు వచ్చినప్పుడు మొదలుపెట్టు, ఎమ్మెల్యే వచ్చినప్పుడు కాదు. ఒకసారి ఓ సభలో మధ్యాహ్నం పన్నెండుకు పిలిచి, ముఖ్య అతిథి కోసం మూడింటి దాకా ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చోబెట్టారు. షుగరున్న ముసలాయన కళ్లు తిరిగి పడ్డాడు. స్టేజి వద్దు, మెట్లెక్కలేరు. చేతులున్న కుర్చీలు వేయించు, మరుగుదొడ్డి దగ్గర్లో ఉండాలి. ఇల్లాళ్లను వెనక వరసలో వేయకు, భర్తల పక్కనే కూర్చోబెట్టు. భర్తలు పోయిన ఇళ్ల నుంచి ఇల్లాలొక్కతే వస్తే ఆమె పేరే పిలువు, "ఫలానా ఆయన భార్య" అని పిలవకు. రొట్టెలు కాల్చి పంపింది ఆమే.

మన మిలిటరాయన కాగితాలన్నీ మూడేసి జిరాక్సులు తీయించి సంచిలో పెట్టాను. సోమవారం పొద్దున ఏడింటికి ఆయన్ని హాలియా బస్సెక్కించి, అక్కడినుంచి నల్లగొండ తీసుకుపోవాలి. ఫారం ఆన్‌లైన్‌లో నింపాలట, నా కళ్లకు ఆ చిన్న అక్షరాలు ఆనడం లేదు. నీకు సెలవు దొరికితే ఆదివారం రాత్రికే వచ్చెయ్యి. దొరక్కపోతే మేమిద్దరం ముసలోళ్లమే పోతాం.