కన్నీటి ఇంట క్రిస్మసు పాట

ధ్యాన భాగము: లూకా 2:8–35



క్రిస్మసు మాసము వచ్చినది. కోతలు ముగిసి, కల్లముల పనులు తీరి, చలి ముదిరిన ఈ రోజులలో మన కౌడిపల్లి చుట్టుపట్ల పల్లెలలో రాత్రివేళ డప్పు, తాళముల చప్పుడు వినబడగానే పిల్లలు దుప్పట్లు కప్పుకొని వాకిట నిలుచుందురు. మీకు ఇష్టమైన క్రిస్మసు పాట ఏది అని మనలో ఎవరిని అడిగినను, వారు పాట పేరు మాత్రమే చెప్పి ఊరకుండరు. దానిని ఎవరు నేర్పిరో, ఏ యింటి ముందు పాడితిమో, ఆ రాత్రి ప్రక్కన ఎవరు నిలిచియుండిరో కూడ చెప్పుదురు. పాట వెంట మనుష్యులు జ్ఞాపకము వత్తురు. ఈ నెల ఈ సంగతిని వాక్యపు వెలుగులో ధ్యానింతము.

లూకా సువార్త మొదటి రెండు అధ్యాయములు స్తుతిగానములతో నిండియున్నవి. మరియ దేవుని ఘనపరచెను. నోరు తెరువబడిన జెకర్యా ఆయనను స్తుతించెను. దూతల సమూహము స్తోత్రము చేసెను. వృద్ధుడైన సుమెయోను శిశువును చేతులలో ఎత్తుకొని దేవుని కొనియాడెను. దూతల స్తోత్రమును మొదట విన్నవారు రాజులు కారు, పండితులు కారు. రాత్రివేళ మందను కాచుకొనువారు. కోసిన మడిలో మంద పెట్టి, గొంగడి కప్పుకొని, తెల్లవార్లు మేలుకొనియుండు గొల్లవారిని చూచిన మనకు ఈ మాట విప్పి చెప్పనక్కరలేదు. ఆ కాపరులు తాము విన్నది ఊరంతటికి చెప్పిరి. మరియ అయితే వాటిని మరువక మనస్సులో దాచుకొని, మరల మరల ఆలోచించెనని 19వ వచనము తెలుపుచున్నది. నోట పాడుటయు, గుండెలో దాచుకొనుటయు, ఈ రెండును క్రిస్మసు పాటకు చెందినవే.

మన మెదకు ప్రాంతమునకు ఈ పాటలు వచ్చిన దారి తలంచుకొనుట మంచిది. మనకు సువార్త తెచ్చిన వెస్లియను మిషనువారు పాడుచు వచ్చిన జనము. వారి ఆది పెద్దలలో ఒకడైన చార్లెసు వెస్లీ వేలకొలది కీర్తనలు వ్రాసెను. దూతల స్తోత్రమును గూర్చి ఆయన వ్రాసిన క్రిస్మసు కీర్తన 1739లో అచ్చయి, నేటికిని లోకమంతట పాడబడుచున్నది. అయితే దొరల రాగములు మాత్రమే మనకు చాలినవి కావు. పురుషోత్తమ చౌదరిగారి వంటి తెలుగు భక్తులు మన రాగములలో, మన తాళములలో ప్రభువును కీర్తించి యిచ్చిరి. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకము చదువరాని ఇంటికి కూడ చెవి ద్వారా చేరినది. ఉపదేశి ఒక చరణము అనగా అందరు దానిని మరల అనిరి. అక్షరము రాని మన అవ్వలకు, తాతలకు ఆ కీర్తనలే బైబిలు పాఠములు.

మెదకు మహాదేవాలయపు పని 1914లో మొదలై, 1924 డిసెంబరు 25న, క్రిస్మసు దినముననే, ఆ గుడి ప్రతిష్ఠింపబడెను. కరువుతో అలమటించిన జనమునకు చార్లెస్ వాకర్ పాస్నెట్ గారు ఆ కట్టడములో పని చూపి అన్నము పెట్టించిన సంగతి మన పెద్దలు తరతరములుగా చెప్పుచున్నదే. 2024లో ఆ గుడికి నూరేండ్లు నిండినవి. ఆకలిని ఎరిగినవారు మోసిన రాళ్ల నడుమ క్రిస్మసు ఆరాధన మొదలైనదని మనము మరువరాదు.

ఆ 1914వ సంవత్సరమే ఐరోపాలో మహాయుద్ధము మొదలైనది. ఆ క్రిస్మసునాడు బెల్జియము, ఫ్రాన్సు పొలములలో కందకములు త్రవ్వుకొని, ఒకరినొకరు చంపుటకు కూర్చున్న జర్మను, ఆంగ్లేయ సిపాయిలు పలుచోట్ల తుపాకులు ప్రక్కన పెట్టి, ప్రశాంత రాత్రిని గూర్చిన కీర్తనను వారివారి భాషలలో పాడిరి. ఆ కీర్తన మాటలను 1816లో యోసేపు మోర్ అను ఆస్ట్రియా దేశపు పాదిరి వ్రాసెను. అది యుద్ధములు ముగిసి, వేసవియే రాక పంటలు చెడి, ఐరోపా జనము ఆకలిగొన్న సంవత్సరము. రెండేండ్లకు, 1818 క్రిస్మసు ముందటి రాత్రి, ఓబెర్న్‌డార్ఫ్ అను ఊరి గుడిలో గిటారు వాద్యముతో దానిని మొదట పాడిరి.

ప్రియులారా, దీనినిబట్టి మనము నేర్చుకొనవలసినదేమి? క్రిస్మసు పాట కష్టము లేనివారి వేడుక పాట కాదు. సుమెయోను పాట ముగిసిన వెంటనే ఏమి చెప్పెను? ఒక ఖడ్గము నీ ప్రాణములోనికి దూసికొనిపోవునని ఆ తల్లికే చెప్పెను. బేత్లెహేములోనే బిడ్డలను పోగొట్టుకొన్న తల్లుల ఏడ్పు వినబడెనని మత్తయి వ్రాసెను. స్తోత్రమును, రోదనమును ఒకే ఊరిలో వినబడినవి.

అయినను మనము చేయుచున్నదేమి? పాటల బృందము బయలుదేరునప్పుడు, ఆ యేడు మరణము జరిగిన ఇంటిని దాటిపోవుచున్నాము. "పాపము, దుఃఖములో ఉన్నారు" అనుకొందుము. మనము ఎరిగిన ఒక పల్లెలో ఇట్లే ఒక ఇంటి ముందు పడుచువారు వెనుకాడిరి. ఆ యింటి తల్లి గడపలో నిలిచి, "వద్దు బిడ్డా, ఆ పాట ఇంటె మా ఆయన గొంతే యాదికొస్తది" అనెను. వారు తిరిగిపోబోవగా, సంఘములోని ముసలమ్మ ఒకతె, "డప్పు ఆపుండ్రి. మెల్లగ పాడుదాం. ఆమె ఏడిస్తె ఏడ్వనియ్యుండ్రి" అని చెప్పి, లోపలికి పోయి ఆమె ప్రక్కన కూర్చుండెను. వారు మెల్లగా ఎత్తుకొనిరి. మొదటి చరణమంతయు ఆ తల్లి ఏడ్చెను. ఆమె భర్త ఏటేట ముందుగా అందుకొను రెండవ చరణము వచ్చినప్పుడు, ఎవరును అడుగకయే ఆమెయే దానిని అందుకొనెను.

దుఃఖము ఆ రాత్రితో తీరలేదు. అయితే ఆమె ఆ పాటను ఒంటరిగా మోయలేదు. ఏడ్చువారితో ఏడువవలెనని అపొస్తలుడైన పౌలు రోమా సంఘమునకు వ్రాసిన మాటకు అర్థమిదే. ఆ పౌలే దెబ్బలు తిని, చెరసాలలో బొండలో కాళ్లు బిగింపబడి, మధ్యరాత్రివేళ సీలతో కూడ కీర్తనలు పాడెను. నొప్పి తగ్గిన తరువాత కాదు, నొప్పిలోనే పాడెను.

కాబట్టి ఈ క్రిస్మసుకు మన సంఘములు మూడు పనులు చేయవలెనని కోరుచున్నాము. మొదటిది, ఈ సంవత్సరము మరణము చూచిన ఏ యింటిని దాటిపోకుడి. పగటివేళనే ఒకరు పోయి సెలవడిగి, రాత్రి మెల్లగా పాడుడి. అక్కడ కానుక డబ్బా చాపకుడి. వద్దన్నచో ఊరక ప్రక్కన కూర్చుండి, ప్రార్థన చేసి రండి. రెండవది, ప్రతి యింటిలో పిల్లలకు ఒక పాత కీర్తన నేర్పుడి. దానిని తమకు నేర్పినవారి పేరు కూడ చెప్పుడి. మైకులో వచ్చు పాట చెవిని తాకిపోవును. అవ్వ ఒడిలో నేర్చిన పాట ముదిమి వరకు వెంట వచ్చును. మూడవది, ఆరాధనలో పాట నడుమ మీ గొంతు పట్టుకొనినయెడల సిగ్గుపడకుడి, గుడి మానకుడి. మీరు ఆగిన చోట ప్రక్కనున్నవారు పాడుదురు. సంఘము అనగా అదియే.

ప్రార్థన: ప్రభువా, పశువుల తొట్టిలో పరుండిన నీవు మా చిన్న యిండ్లను ఎరుగుదువు. ఈ యేడు మాలో తక్కువైన గొంతులు నీ యొద్ద ఉన్నవని నమ్ముచున్నాము. ఏడ్చువారి ప్రక్కన కూర్చుండి పాడు మనస్సు మాకు దయచేయుము. ఆమేన్.