ప్రహ్లాద చరిత్రము – శిశురక్షణ ధర్మము

శ్రీమద్భాగవతము సప్తమ స్కంధములోని ప్రహ్లాద చరిత్రమును వినని తెలుగువారు అరుదు. ఏనుగులచే త్రొక్కించుట, పాములచే కరపించుట, విషము పెట్టించుట, కొండకొమ్ము నుండి త్రోయించుట మున్నగు హింసలన్నియు ఆ బాలుడు కన్నతండ్రి ఆజ్ఞ చేతనే అనుభవించెను. భక్తులు ఈ కథలో బాలుని భక్తిని, నరసింహుని కరుణను స్మరింతురు. ఆ సభలో నున్న పెద్దలను గూర్చి తలంచువారు తక్కువ. గురుపుత్రులైన చండామర్కులు ఆ హింసల నెరుగుదురు. అయినను వారు రాజునకు చెప్పిన దేమి? శుక్రాచార్యులు వచ్చునంత వరకు బాలుని వరుణపాశములతో బంధించి యుంచుమనిరి. నిర్ణయము పైవారి రాకకు వాయిదా పడెను; బాలుడు హింసించువాని చేతిలోనే మిగిలెను.

అట్టి సభలు కృతయుగముతో అంతరింపలేదు. ఐవరీ కోస్టు దేశమునకు చెందిన విక్టోరియా క్లింబియే అను బాలికను, మంచి చదువు లభించునను ఆశతో తల్లిదండ్రులు తండ్రి తరపు బంధువురాలి కప్పగించిరి. ఆమె బాలికను ఫ్రాన్సు మీదుగా 1999 ఏప్రిల్‌లో లండను నగరమునకు కొనిపోయెను. 2000 ఫిబ్రవరి 25న, ఎనిమిదేండ్ల ప్రాయమున, ఆ బాలిక మరణించెను. దేహముపై 128 గాయములు కనబడినవి. బంధువురాలికిని, ఆమెతో నివసించిన పురుషునికిని 2001లో యావజ్జీవ కారాగార శిక్ష పడెను.

లార్డు లేమింగు విచారణ నివేదిక 2003 జనవరిలో వెలువడెను. ఆ బాలిక ఎవరి కంటను పడలేదని అనుటకు వీలులేదు. నాలుగు ప్రాంతముల సంక్షేమ శాఖలు, రెండు ఆసుపత్రులు, రెండు పోలీసు బృందములు ఆమె నెరుగును. రక్షించుటకు పండ్రెండు అవకాశములైనను చేజారినవని నివేదిక తేల్చెను. గాయముల మచ్చలను ఒక వైద్యనిపుణురాలు గజ్జి యనెను. ఆ గజ్జి అంటునను భయముతో అధికారులు ఆ యింటికి పోవుట మానిరి. బాధ్యత వహించిన సంక్షేమ ఉద్యోగిని ఏడు మాసములలో బాలికను చూచిన కాలము మొత్తము అరగంట కూడ లేదు. బంధువురాలి యెదుట బాలిక బిగుసుకొని నిలుచునని తెలిసినపుడు, అది పెద్దలయెడ గౌరవమని ఆమె భావించెను. ప్రార్థనా మందిరమునకు కొనిపోగా, అచటి బోధకుడు భూతము పట్టినదని తలంచెను. పాస్‌పోర్టు వేరొక బాలిక పేర నుండుటచే, ఆ దేశములో ఆమె స్వనామము సైతము తెలియక "అన్నా" యని పిలిచిరి.

నివేదిక 108 సిఫారసులు చేసెను. 2004లో ఇంగ్లండులో నూతన బాలల చట్టము వచ్చెను. అయినను 2007లో, లండనులోని అదే హారింగే ప్రాంతమున, అధికారులు పలుమార్లు చూచిన పదునేడు నెలల పసివాడు హింసచే మరణించెను. చట్టము ఆవశ్యకమే. కాని ఎదుట నున్న బిడ్డను పలుకరించు మనుష్యుడు లేనిచో అది కాగితముపై నిలిచిపోవును.

ఈ పాఠము మలేషియాలోని తెలుగు కుటుంబములకు దూరమైనది కాదు. చదువు కొరకు బిడ్డను బంధువుల యింట నుంచుట తోటల కాలము నుండి ఎరిగినదే. అందు తప్పు లేదు. ఉంచిన పిదప బిడ్డను ఒంటరిగా కూర్చుండబెట్టి యోగక్షేమము లడుగుట పెద్దల విధి. బెదరి తల వంచిన బిడ్డను వినయవంతుడని మెచ్చుకొనుట, దెబ్బను చూచి "వారి యింటి సంగతి" యని తప్పుకొనుట, వ్యాధికి వైద్యుని విడిచి దిష్టి తీయుట భక్తి కానేరవు. 2001 నాటి బాలల చట్టము వైద్యులకు, కుటుంబ సభ్యులకు, శిశుసంరక్షకులకు ఇట్టి హింసను తెలియజేయు బాధ్యతను విధించినది. తాలియన్ కాసీ 15999 అను టెలిఫోను సంఖ్యకు ఎవరైనను తెలుపవచ్చును. అనుమానము పొరపాటైనచో కొంత మాట పడవలసి వచ్చును. మౌనము పొరపాటైనచో ఒక ప్రాణము పోవును.

సర్వమందును హరి కలడని ప్రహ్లాదుడు పలికెను. ఆ మాటను విశ్వసించువారికి గాయపడిన బిడ్డయందును ఆ హరియే కనబడవలెను. స్తంభము నుండి నరసింహుడు వెలువడునని ఎదురుచూచుట సభాసదుల ధర్మము కాదు. లేచి బిడ్డ ప్రక్కన నిలుచుట, ఆ బిడ్డ క్షేమమని రూఢియగు వరకు అచటినుండి కదలకుండుట వారి ధర్మము.