తీగకు మూత, విద్యకు వాడుక

కరీంనగర్

చిరంజీవి బిడ్డకు,

ఉట్నూరు నుంచి నువ్వు రాసిన ఉత్తరం అందింది. రెండేండ్ల కింద హైదరాబాద్‌లో కొన్న మూడు గిటార్ స్ట్రింగ్ సెట్లు విప్పకుండా బీరువాలోనే ఉన్నాయని, అవి ఇంకా పనికొస్తాయా అని అడిగావు. చెయ్యి బాగా తిరిగాక వాటిని ఎక్కిస్తానని, అందాకా పాత తీగలతోనే సర్దుకుంటున్నానని చివర్లో రాశావు. అడిగినదానికి జవాబు తేలిక. చివర్లో రాసిన మాట గురించే నీతో ఎక్కువ మాట్లాడాలని ఉంది.

ముందు తీగల సంగతి. కంపెనీ సీలు తెగని ప్యాకెట్ అయితే రెండేండ్లకు ఏమీ కాదు. పొడిచోట ఉంటే అయిదారేండ్లైనా నిలుస్తాయి. వీటి మీద గడువు తేదీ వేసే ఆనవాయితీ లేదు. వయసు పైబడినంత మాత్రాన లోహం చెడిపోదు. గాలి, చెమ్మ, ఉప్పు తగిలితేనే చెడుతుంది. అందుకే ఎన్నేండ్లైందని కాక, ఎట్లా ఉంచావని అడగాలి.

నీ గిటార్‌కు ఉండే ఆరు తీగల్లో సన్నవి రెండూ ఒంటి ఉక్కు తీగలు. వాటి మీద పలచగా తగరం పూత ఉంటుంది. ఆ పూత గీసుకుపోయిన చోట, కత్తిరించిన కొన దగ్గర జంగు మొదలవుతుంది. లావువి నాలుగింటికీ లోపల ఉక్కు, పైన చుట్టు. ఆ చుట్టు ఎక్కువగా రెండు రకాలు. ఒకటి ఎనభై పాళ్లు రాగి, ఇరవై పాళ్లు జింకు. దాన్ని కంచు అని అమ్ముతారు గానీ నిజానికి అది ఇత్తడే. రెండోది ఫాస్ఫర్ బ్రాంజ్, అంటే రాగి, తగరం, చిటికెడు భాస్వరం. దీన్ని డాడారియో కంపెనీ 1974లో గిటార్ తీగలకు తెచ్చింది. ఎలిక్సర్ వాళ్లు 1997 నుంచి చుట్టు మీద సన్నని పొర వేసిన తీగలు అమ్ముతున్నారు. చెమట లోపలికి దిగకుండా ఆ పొర అడ్డం ఉంటుంది కాబట్టి అవి ఇంకొంచెం ఎక్కువ కాలం మన్నుతాయి.

ప్యాకెట్ రకం కూడా చూసుకోవాలి. వెనకట ఒక్కో తీగను ఒక్కో కాగితపు కవర్లో పెట్టి, ఆరింటినీ కలిపి డబ్బాలో వేసి అమ్మేవారు. కాగితం చెమ్మను పీలుస్తుంది. అట్లాంటి సెట్టుకు ఒకటి రెండు వానాకాలాలు దాటేసరికి మచ్చలు పడొచ్చు. ఇప్పుడు చాలా కంపెనీలు గాలి చొరని సంచిలో పెట్టి సీలు వేస్తున్నాయి. నీ మూడింటినీ బయటికి తీసి, సీలు ఎక్కడైనా ఊడిందేమో వేలితో అంచు తడిమి చూడు. ఊడిన ప్యాకెట్ ఉంటే అది ముందు వాడు.

నువ్వు ఉండే చోట వాతావరణం మామూలుది కాదు. ఆదిలాబాద్ దిక్కు ఏడాదికి వెయ్యి మిల్లీమీటర్ల పైనే వాన పడుతుంది. చలికాలంలో కొన్ని రాత్రులు అయిదు డిగ్రీల దగ్గరికి దిగుతుంది, మే నెలలో నలభై అయిదు దాటుతుంది. పొడి ఎండకు ఉక్కు తీగ చెడదు. గాలిలో తేమ అరవై శాతం దాటి రోజుల తరబడి అట్లాగే నిలిస్తే చెడుతుంది. కాబట్టి బీరువా బయటి గోడకు ఆనించి ఉంటే జరుపు. ప్యాకెట్లను మూత గట్టిగా పట్టే స్టీలు డబ్బాలో పెట్టి, చెప్పుల డబ్బాల్లో, మందు సీసాల్లో వచ్చే సిలికా జెల్ పొట్లం ఒకటి వెయ్యి. నీలంగా ఉండే రకమైతే చెమ్మ తాగాక గులాబీ రంగుకు తిరుగుతుంది. సన్నని వేడి మీద ఆరబెడితే మళ్లీ నీలమవుతుంది. నేలబొగ్గు పొయ్యి ఉన్న ఇంట్లో మాత్రం వంటింటికి దూరంగా పెట్టాలి. బొగ్గు పొగలో గంధకం ఉంటుంది, అది ఉక్కునూ రాగినీ రెంటినీ తింటుంది.

ప్యాకెట్లను రబ్బరు బ్యాండు వేసి కట్టకు. రబ్బరులోనూ గంధకమే. నైలాన్ గిటార్ లావు తీగలకు వెండి పూసిన రాగి చుట్టు ఉంటుంది, గంధకం తగిలితే ఆ వెండి నల్లబడుతుంది. మన కరీంనగర్ వెండి తీగపని, 2007లో భౌగోళిక గుర్తింపు పొందిన పని, దానికీ ఇదే బాధ. పెట్టె నిండా నగిషీ ఉన్నా ఒక్క రబ్బరు బ్యాండు చాలు దాన్ని మసకబార్చడానికి. నైలాన్ సన్న తీగలకు ఈ జంగు, నలుపు ఏవీ లేవు. 1940ల దాకా వాటి చోట జంతువుల పేగు తీగలే ఉండేవి. రెండో ప్రపంచ యుద్ధకాలంలో డాక్టర్లకు కుట్లు వెయ్యడానికి పేగు కావాల్సి రావడంతో వాద్యాలకు దొరకలేదు. అప్పుడు న్యూయార్క్‌లో ఆల్బర్ట్ అగస్టీన్ నైలాన్‌తో తీగలు చేశాడు.

పాత తీగ మంచిదో కాదో తెలుసుకోవడానికి పెద్ద సాధనాలు అక్కర్లేదు. సన్న తీగను వెలుతురులో పట్టుకుని చూడు. బూడిద రంగు చుక్కలు, ఎర్ర మచ్చలు కనిపిస్తే దాన్ని పక్కన పెట్టు. గోరుతో మెల్లగా గీస్తే నున్నగా జారాలి, గరగర అనకూడదు. చివర ఉండే గుండు దగ్గర తీగ మెలి తిరిగి ఉంటుంది కదా, జంగు ముందు అక్కడే దాక్కుంటుంది. చుట్టు తీగ కాస్త మెరుపు తగ్గినంత మాత్రాన పారెయ్యకు, పైపై రంగు మారినా లోపల మోత ఉంటుంది. ఎక్కించాక పన్నెండో మెట్టు మీద వేలు ఆనీ ఆనకుండా తాకి మీటు, తర్వాత అదే మెట్టు నొక్కి మీటు. రెండు స్వరాలూ కలవాలి. నీ గిటార్ మొదట సరిగ్గా అమర్చి ఉండి కూడా అవి కలవకపోతే ఆ తీగ బరువు ఒకచోట ఒకలా ఉందన్నమాట.

ఇప్పుడు నువ్వు చివర్లో రాసిన మాట. బిడ్డా, నువ్వు పాత తీగలతో నేర్చుకుంటున్నావు. వాటికి చెమట ఉప్పు పట్టింది, జంగు పట్టింది, మెట్ల దగ్గర గుంటలు పడ్డాయి. అట్లాంటి తీగను ఎంత బిగించినా శ్రుతి నిలవదు. నీ వేలు సరైన చోటే పడుతుంది, స్వరం మాత్రం తప్పు వస్తుంది. నువ్వు తప్పు నీదే అనుకుంటావు. రోజూ అదే వింటూ పోతే చెవి ఆ తప్పుకే అలవాటు పడుతుంది. ఇరవై ఏండ్లు వాయించినవాడు చెడ్డ తీగతో నెట్టుకొస్తాడు, ఎందుకంటే అసలు స్వరం అతని మనసులో ఉంది. ఇంకా నేర్చుకుంటున్న నీ మనసులో అది నిలబడాలంటే ముందు చెవిన పడాలి. కొత్త తీగలు అందరికంటే ఎక్కువగా నీకే కావాలి, అదీ ఇప్పుడే.

మన ఇండ్లల్లో ఈ గుణం తరతరాల నుంచి ఉంది. మంచి చీర పెండ్లికని, మంచి పళ్లెం చుట్టాలకని దాస్తాం. లేమి చూసిన మనుషులం కాబట్టి ఆ జాగ్రత్తను నేను తప్పు పట్టను. చీర దాచినా చీరగానే ఉంటుంది. విద్య అట్లా ఉండదు. ఈ తేడా చెప్పడానికి నీకు దగ్గర్లోనే ఒక వాద్యం ఉంది.

నువ్వు ఉట్నూరులో ఉన్నావు గనుక కిక్రి చూసే ఉంటావు. గోండుల వంశగాథలు చెప్పే పర్ధాన్లు, తోటీలు వాయించే వాద్యం అది. వంశ దేవుడు పెర్సాపేన్ కొలుపుల్లో ఆ గాథలు కిక్రి తోడుగానే నడుస్తాయి. 1940ల్లో ఈ పల్లెల్లో తిరిగిన మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ 1948లో గోండుల మీద అచ్చు వేయించిన పుస్తకంలో ఆ గాథలకు, వాటిని చెప్పే పర్ధాన్లకు పెద్ద చోటిచ్చాడు. ఈసారి దగ్గరగా చూడు. చెక్కను తొలిచి, తోలు మూసిన బుర్ర. దాని మీద మూడు తీగలు. ఆ తీగలు ఉక్కువి కావు, గుర్రపు తోక వెంట్రుకల పోగులు. కమానుకు కట్టేదీ వెంట్రుకే. వెంట్రుక మీద వెంట్రుక రాసుకుంటే వచ్చే ఆ నాదంలో మనిషి గొంతు జీర వినిపిస్తుంది.

వెంట్రుకకు జంగు లేదు. దానికి శత్రువు వేరే ఉంది. ఉన్నిని, ఈకలను, వెంట్రుకలను తినే చిన్న పురుగులున్నాయి. వాటికి చీకటి కావాలి, ఎవరూ కదిలించని చోటు కావాలి. వయొలిన్ వాయించేవాళ్లకు ఇది బాగా తెలుసు. నెలల తరబడి తెరవని పెట్టెలో కమాను వెంట్రుకలు ఒక్కొక్కటే తెగి పడి ఉంటాయి. రోజూ తెరిచి వాయించే పెట్టెలోకి ఆ పురుగు చేరదు. వెలుతురు, గాలి, కదలిక, ఈ మూడే దానికి మందు. ఉక్కు తీగను కాపాడేది మూత. వెంట్రుక తీగను కాపాడేది వాడుక.

బతుకులోనూ ఈ రెండు రకాలూ ఉన్నాయి బిడ్డా. డబ్బు, బంగారం, భూమి కాగితం ఉక్కు జాతివి. వాటిని మూసిపెట్టు, చెమ్మ తగలనియ్యకు, పదిమందికీ చూపకు. విద్య, స్నేహం, భాష, పాట వెంట్రుక జాతివి. వాటిని పెట్టెలో పెట్టి భద్రంగా ఉన్నాయనుకుంటే లోపల పురుగు తింటూనే ఉంటుంది. ఏది ఏ జాతిదో తెలుసుకుని దానికి తగ్గట్టు చూసుకోవడమే పొదుపు. దేన్నైనా దాచడమే పొదుపనుకున్నవాళ్లు చేతిలో విద్య ఉండి కూడా దాన్ని పోగొట్టుకున్నారు.

మార్లవాయి కనకరాజు సంగతి నీకు తెలుసు. గోండుల గుస్సాడీ ఆటకు 2021లో పద్మశ్రీ అందుకున్న మనిషి. ఆయన తన ఆటను తనతో ఉంచుకోలేదు, పిల్లలకు నేర్పాడు. 2024లో ఆయన వెళ్లిపోయినా, ఆ ఆట ఆడే దండారి పండుగ ఆగలేదు. ఏటా దీపావళి ముందు గుమ్మెల, పర్ర, డప్పు బయటికి వస్తాయి, పూజలు జరుగుతాయి, కొలబోడితో పండుగ ముగుస్తుంది. ఆ వాద్యాలను నిలబెడుతున్నది ఏటేటా వచ్చే ఆ పిలుపే. కిక్రికీ అంతే. పర్ధాను ఎంత శ్రద్ధగా దాచుకున్నా, పిలిచి కథ చెప్పించుకునే ఇల్లు లేకపోతే ఆ కిక్రి గోడకే ఉంటుంది. కాబట్టి వాయించేవాడి మీదే భారం వేసి ఊరుకోవద్దు. పుష్య అమావాస్యకు కేస్లాపూర్ నాగోబా జాతరకు వెళ్తే, ఎవరైనా కిక్రి పట్టుకుని కూర్చున్నచోట ఆగి, ఆసాంతం విను. ఇవ్వగలిగింది ఇవ్వు. ఫోన్‌లో రెండు నిమిషాలు రికార్డు చేసుకుని లేచి రాకు.

ఇక నువ్వు చెయ్యాల్సింది చెప్తాను. మూడు సెట్లలో ఒకటి ఈ ఆదివారమే ఎక్కించు. పాత ఆరు తీగలనూ ఒక్కసారిగా విప్పకు. సన్నరకం సెట్టు ఆరూ కలిసి గిటార్ మీద డెబ్బై కిలోలకు పైగా లాగుతాయి. ఒక్కొక్కటి తీస్తూ ఒక్కొక్కటి ఎక్కిస్తే మెడ మీద బరువు ఉన్నట్టుండి మారదు. బిగించేటప్పుడు మొహం పక్కకు పెట్టుకో, తీగ తెగితే కంటికి ప్రమాదం. వాయించే ముందు చేతులు కడుక్కో, వాయించాక పొడి నూలు గుడ్డతో ఒక్కో తీగనూ కిందా పైనా తుడువు. రోజూ వాయిస్తే రెండు మూడు నెలల్లో ఈ సెట్టు అరిగిపోతుంది. అరగనీ. అరిగినంత మేర నీ చేతికి విద్య వచ్చినట్టే.

రెండో సెట్టు నేను చెప్పినట్టు డబ్బాలో దాచు. వాయిస్తుండగా తీగ తెగితే ఉట్నూరులో వెంటనే దొరక్కపోవచ్చు, అందుకని అది ఉండాలి. మూడోది నీ బడిలో గిటార్ మీద మోజు ఉండి కొనలేని పిల్లవాడెవడైనా ఉంటే వాడికివ్వు. ఇచ్చి ఊరుకోకుండా ఎక్కించడం, శ్రుతి చెయ్యడం దగ్గరుండి నేర్పు. నేర్పేటప్పుడు నీకు తెలిసింది ఎంతో, తెలియంది ఎంతో నీకే తేలిపోతుంది.

బాగా వచ్చాక వాయిస్తానని ఎప్పుడూ అనుకోకు. వాయిస్తేనే బాగా వస్తుంది. పండక్కి ఇంటికి వచ్చేటప్పుడు గిటార్ వెంట తీసుకురా. తప్పులు పోయినా సరే, మీ బాపు ముందర, మా అందరి ముందర కూర్చుని వాయించు.

ఆరోగ్యం జాగ్రత్త.

ఆశీస్సులతో,
నీ పెద్దబాపు