పరుగు కాస్త ఆపు బిడ్డా

రెండు నిమిషాలు ఇలా అరుగు మీద కూర్చో బిడ్డా. పిల్లాడికి ఇవాళ జ్వరం లేదు, బిస్కెట్ నములుతూ వాళ్లమ్మ కొంగు లాగుతున్నాడు. నీ రైలుకి ఇంకా టైముంది. అది పోయినా ముద్ఖేడ్ జంక్షన్లో రైళ్లకి కొదవా? ఆదిలాబాద్ వైపు ఒక లైను, నాందేడ్ వైపు ఒకటి, నిజామాబాద్ మీదుగా హైదరాబాద్‌కి ఇంకొకటి. అందుకే మన ఊళ్లో బిడ్డకి ఒళ్లు వెచ్చబడితే చాలు, ఏ రైలెక్కుదామా అని చూస్తాం. నీ ఒక్కడి తప్పు కాదులే, దారులు ఎక్కువున్న ఊరికి ఇదొక జబ్బు.

ఇంతకీ ఈసారి ఎక్కడికి? నిజామాబాద్‌లో ఎవరో మంచి డాక్టర్ ఉన్నాడని నీ బామ్మర్ది చెప్పాడా? అంతకుముందు నాందేడ్ అన్నావు. దానికి ముందు ధర్మాబాద్ అన్నావు. మధ్యలో మన ఊళ్లోనే సూది వేయించావు. అన్ని చోట్లా ఒకే మాట: వైరల్ జ్వరం, మూడు రోజుల్లో తగ్గుతుంది. తగ్గింది కూడా. నెల తిరక్కుండా మళ్లీ వచ్చింది. వాళ్లలో ఎవరూ అబద్ధం చెప్పలేదు నాయనా. అందరూ నీ బిడ్డని ఒక్క పూట చూశారు. ఒక్క పూట చూస్తే ఒక్క జ్వరమే కనిపిస్తుంది. ఏడాదిగా మళ్లీ మళ్లీ వస్తున్నదేమిటో ఆ ఏడాదంతా కలిపి చూసినవాళ్లకే తెలుస్తుంది. ఆ ఏడాది ఎవరి దగ్గరుంది? నీ దగ్గరుంది, కోడలి దగ్గరుంది. మీరేమో దాన్ని ముక్కలు చేసి ఊరికొకటి పంచి వచ్చారు. పది చోట్ల మూరెడు మూరెడు తవ్వితే ఏ గుంటలోనూ నీళ్లు పడవు.

ఏదీ, ఆ ప్లాస్టిక్ సంచీ ఇలా ఇవ్వు. చూడు ఎలా ఉందో. ఒక చిట్టీ నలిగి మందు సీసా మూతకి అంటుకుంది. ఈ రక్త పరీక్ష కాగితం సరిగ్గా తేదీ ఉన్న చోటే చిరిగింది. ఇవేమిటి, రెండు జ్వరం సీసాలా? పేర్లు వేరే ఉన్నాయి కదా అనుకున్నావు. కళ్లజోడు నాది ఇస్తాను, కిందున్న చిన్న అక్షరాలు చదువు. రెండింటిలోనూ ఉన్నది పారాసిటమాలే. ఒకటి చుక్కల మందు, ఒకటి సిరప్. చుక్కల మందు ఘాటెక్కువ, దాన్ని సిరప్ పోసినట్టు చెంచాతో పోస్తే బిడ్డ కాలేయానికి ముప్పు. రెండూ ఒకే రోజు పోశారా? సరే, జవాబు చెప్పకులే. ఇకమీద పొయ్యకండి. ఇద్దరు డాక్టర్ల దగ్గరికి తిరిగితే జరిగేది ఇదే, ఒకరు రాసింది ఇంకొకరికి తెలియదు.

స్టేషన్ దగ్గర దుకాణంలో లావుపాటి నోటు బుక్కు ఒకటి కొను. బిడ్డకి జ్వరం వచ్చిన రోజు తేదీ వెయ్యి. నుదుటి మీద చెయ్యి పెట్టి "బాగా కాలుతోంది" అని రాయకు, థర్మామీటర్ పెట్టి ఎంతుందో అంకె రాయి. ఎన్నాళ్లుందో రాయి. ఎక్కడ నొప్పి అన్నాడు, మూత్రం పోసేటప్పుడు ఏడ్చాడా, కళ్లు పచ్చబడ్డాయా, చేతివేళ్లు గానీ పాదాలు గానీ వాచాయా, అవన్నీ రాయి. వాపుంటే అప్పుడే ఫోన్లో ఫోటో తియ్యి, దవాఖానకి చేరేసరికి వాపు దిగిపోయి నీ మాట ఎవరూ నమ్మరు. ఏ మందు, ఎంత, ఎన్ని రోజులు వేశారో రాయి. నెలకొకసారి అంగన్‌వాడీలో బరువు తూయించి అదీ రాయి. చదువుకున్నవాడివి, ఇదేం పెద్ద పని కాదు. రాయకుండా పరిగెత్తడమే సులువనిపిస్తుంది, ఎందుకంటే పరిగెత్తితే ఏదో చేస్తున్నట్టుంటుంది.

తేదీలతో ఏం ఒరుగుతుందంటావా? మలేరియానే తీసుకో. రోజు విడిచి రోజు చలితో వచ్చే జ్వరమని తేదీలు చూస్తేనే అనుమానం తగిలేది. ఆ మలేరియా క్రిమి దోమ కడుపులో పెరుగుతుందని రొనాల్డ్ రాస్ కనిపెట్టింది మన లైను చివరే, సికింద్రాబాద్ బేగంపేటలో, 1897 ఆగస్టు 20న. ఆయనా ఊరికే ఒక దోమని చూసి చెప్పలేదు, రోజుల తరబడి ఒక్కొక్కటే కోసి చూసి రాసిపెట్టుకున్నాడు.

ఇంకోటి విను, ఇది నీ బిడ్డకి ఇంకా దగ్గర మాట. 1904 చివర్లో షికాగోలో ఒక దవాఖానకి గ్రెనడా దీవి నుంచి చదువుకోవడానికి వచ్చిన కుర్రాడొకడు వచ్చాడు, వాల్టర్ క్లెమెంట్ నోయెల్ అని. దగ్గు, జ్వరం, కాలి మీద మానని పుండ్లు. ఎర్నెస్ట్ ఐరన్స్ అనే కుర్ర డాక్టర్ అతని రక్తం సూక్ష్మదర్శినిలో చూస్తే ఎర్ర కణాలు గుండ్రంగా లేవు, కొడవళ్లలా వంగి ఉన్నాయి. అతని పెద్ద డాక్టర్ జేమ్స్ హెరిక్. వాళ్లకీ అదేం జబ్బో అంతుపట్టలేదు. కానీ ఆ కుర్రాడు రెండేళ్లకి పైగా వాళ్ల దగ్గరికే వచ్చాడు, వచ్చినప్పుడల్లా వాళ్లు రాసుకున్నారు. 1910లో హెరిక్ ఆ రాతలన్నీ కలిపి అచ్చు వేశాడు. సికిల్ సెల్ అనే ఈ కొడవలి కణాల జబ్బు గురించి డాక్టర్ల పత్రికలో వచ్చిన మొదటి రాత అది. ఆ కుర్రాడు నీలాగా నెలకో దవాఖాన మార్చి ఉంటే?

భయపడకు, నీ బిడ్డకి అదే ఉందని నేననడం లేదు. కొత్తగా అంగన్‌వాడీకి పోయే పిల్లలకి ఏడాదిలో ఆరు, ఎనిమిది సార్లు జలుబూ జ్వరమూ రావడం మామూలే. మధ్యలో బాగా తింటూ, ఆడుతూ, బరువు పెరుగుతూ ఉంటే చాలామటుకు అవి వాటంతటవే పోతాయి. బరువు పెరగకపోతే, పాలిపోతే, ఎముకలు నొప్పి అని ఏడిస్తే లోపల ఏదో ఉందని చూడాలి. అది దాగున్న మూత్రం ఇన్ఫెక్షన్ కావచ్చు, ఇంట్లో ఎవరికో ఉన్న టీబీ అంటుకుని ఉండవచ్చు. అందుకే చెబుతున్నా, జ్వరం రాగానే మిగిలిపోయిన యాంటీబయాటిక్ సీసా తీసి రెండు మూతలు పొయ్యకు. పోశాక మూత్రం పరీక్ష చేస్తే క్రిమి దొరకదు, జబ్బు మాత్రం లోపలే ఉంటుంది. ఆ సూది సంగతీ అంతే. వేసిన రాత్రికే లేచి ఆడుకున్నాడని మురిసిపోయావు. అందులో ఏం కలిపారో అడిగావా? స్టెరాయిడ్ అయితే పైకి బాగున్నట్టు చేసి లోపలి జబ్బుని దాచేస్తుంది.

మీ అమ్మ దిష్టి తీస్తానంటే తియ్యనీ. బాసర పోయి అమ్మవారికి దండం పెట్టుకోండి, ఎవరు వద్దన్నారు? బొడ్డు చుట్టూ వాతలు పెట్టిస్తానంటే మాత్రం నువ్వు అడ్డం నిలబడు. జ్వరానికి తోడు కాలిన పుండు ఎందుకు పసివాడికి?

ఇక ఆ సికిల్ సెల్ మాట. మన నాందేడ్ జిల్లాలోనే కిన్వట్, మాహూర్ వైపు, అవతల ఆదిలాబాద్ అడవుల్లో గోండుల్లో, కొలాముల్లో ఇది ఉంది. అలాగని అడవి జబ్బు, మనకెందుకు అనుకోకు, వేరే కులాల్లోనూ కనబడుతోంది. బిడ్డకి ఆరు నెలలు దాటాక బయటపడుతుంది. రెండేళ్ల లోపు పిల్లలకి చేతులూ పాదాలూ వాచి, ముట్టుకుంటే కెవ్వుమంటారు. బెణికిందనుకుని నూనె రాస్తాం. ఒళ్లు పాలిపోతుంది, టానిక్ సీసాలు తెస్తాం. మామూలు రక్త పరీక్షలో రక్తం తక్కువ అని మాత్రమే వస్తుంది, ఎందుకు తక్కువో రాదు. దానికి సాల్యుబిలిటీ టెస్టని ఒకటుంది, అందులో అనుమానం వస్తే హెచ్‌పీఎల్‌సీ అని ఇంకోటి చేసి తేలుస్తారు. ఒక సంగతి గట్టిగా గుర్తుపెట్టుకో: రక్తం ఎక్కించక ముందే ఆ పరీక్షకి రక్తం తీయమనాలి. ఎక్కించాక ఇతరుల రక్తం కలిసిపోతుంది, మళ్లీ సుమారు మూడు నెలలు ఆగితే గానీ ఫలితం నమ్మడానికి లేదు. బిడ్డకి ఎప్పుడైనా రక్తం ఎక్కిస్తే ఆ తేదీ చెప్పగలగాలి, నీ దగ్గరేమో పరీక్ష కాగితం మీద తేదీయే చిరిగిపోయింది. ఇప్పుడర్థమైందా బుక్కు ఎందుకు కొనమన్నానో?

ఈ పరీక్షకి డబ్బూ పెట్టక్కర్లేదు. 2023 జూలై 1న కేంద్రం సికిల్ సెల్ నిర్మూలన మిషన్ మొదలుపెట్టింది. మహారాష్ట్ర, తెలంగాణ రెండూ అందులో ఉన్నాయి. నలభై ఏళ్ల లోపు వాళ్లు ఏడు కోట్ల మందికి పరీక్ష చెయ్యాలని, 2047కల్లా జబ్బు లేకుండా చెయ్యాలని వాళ్ల లెక్క. ఆ లెక్క ఎంతవరకు నిలుస్తుందో నాకు అనుమానమే. పరీక్ష మాత్రం చేయించుకో. మన ఊరి సర్కారు దవాఖానలో అడుగు, నాందేడ్ విష్ణుపురిలో శంకర్‌రావు చవాన్ మెడికల్ కాలేజీ ఉంది. అక్కడ పిల్లల డాక్టర్ దగ్గర కుదురుగా చూపించు. తేలకపోతే ఎక్కడికి పంపాలో ఆయనే రాసిస్తాడు, ఆ చిట్టీతో హైదరాబాద్ నిలోఫర్‌కి పో. 1949లో తన పనిమనిషి కాన్పులో చనిపోయిందని నిజాం కోడలు నిలోఫర్ బేగం పట్టుబడితే, 1953లో లేచిన దవాఖాన అది. అప్పటికి మన నాందేడ్ కూడా హైదరాబాద్ రాష్ట్రంలోదే, 1956 దాకా. పరాయి దవాఖానేం కాదు. కానీ ఒకరు పంపితే పో, ఎవరో చెప్పారని పోకు.

ఒకవేళ అదే అని తేలినా కుంగిపోకు. జబ్బు పేరు తెలిస్తే సగం దారి దొరికినట్టే. డాక్టర్ అవసరమనుకుంటే హైడ్రాక్సీయూరియా అని రోజూ వేసే మందుంది, నొప్పులు బాగా తగ్గుతాయి. నీళ్లు ఎక్కువ తాగించాలి, చలిలో తిప్పకూడదు. ఆ బిడ్డకి జ్వరమొస్తే మాత్రం తెల్లారనీ అని ఆగకూడదు, అదే రాత్రి దవాఖానకి. ఊపిరి కష్టమైనా, ఒక్కసారిగా పాలిపోయి ఎడమ పక్క పొట్ట గట్టిపడినా అంతే. అప్పుడు పరిగెత్తు, నేనేమీ అనను. రోజూ ఒక పసుపుపచ్చ చిన్న గోలీ కూడా రాస్తారు, ఫోలిక్ యాసిడ్. దాన్ని 1945లో అమెరికా లెడర్లే కంపెనీలో తయారు చేసిన బృందాన్ని నడిపింది భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. స్ప్రూ అనే అంతు చిక్కని జబ్బు ఆయన తోడబుట్టినవాళ్లని తీసుకుపోయింది. ఆ జబ్బులో తగ్గిపోయే రక్తానికీ ఇదే గోలీ పనికొచ్చింది.

సికిల్ సెల్ ఉన్నవాళ్లకి 2016 వికలాంగుల చట్టంలో చోటుంది. వైద్యానికి పోతే డాక్టర్ సర్టిఫికెట్ మీద రైలు టికెట్లో రాయితీ కూడా ఉంది, స్టేషన్లోనే కనుక్కో.

పోయే ముందు ఇంకొక్క మాట, ఇది కోపంతోనే చెబుతున్నా. మీ ఇంట్లో కోడల్ని అంటున్న మాటలు ఈ అరుగు దాకా వినబడుతున్నాయి. ఆమె పాలు మంచివి కావట, వాళ్ల వైపు రక్తం మంచిది కాదట. నువ్వేమో తల వంచుకుని చెప్పులు వేసుకుంటావు. సికిల్ సెల్ అయినా తల్లి ఒక్కతే ఇచ్చేది కాదు బిడ్డా. తల్లి నుంచి ఒక వాటా, తండ్రి నుంచి ఒక వాటా వస్తేనే బిడ్డకి వస్తుంది. ఇద్దరిలోనూ చెరి సగం దాగి ఉంటే వాళ్లకేమీ తెలియదు, రాళ్లు మోస్తూ తిరుగుతారు. కానీ ప్రతి కాన్పుకీ బిడ్డకి జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. పైగా మీది మేనరికం. ఒకే తాత రక్తం ఇద్దరిలోనూ పారుతున్నప్పుడు ఎవరి వైపుది మంచిది, ఎవరి వైపుది చెడ్డది? మీ అమ్మకి ఆ మాట చెప్పవలసింది నువ్వే, నేను చెబితే ముసలాడికెందుకంటుంది.

రేపో మాపో ఇంట్లో రెండో బిడ్డ మాట ఎత్తుతారు. ఇద్దరిలోనూ ఉందని ముందే తెలిస్తే మూడో నెలలోనే కడుపులో బిడ్డకి పరీక్ష చేసే దారుంది. అందుకని ఈసారి నర్సు పిల్లాడి చేతికి గుచ్చేటప్పుడు నువ్వు బయట ఫోన్ చూసుకుంటూ నిలబడకు. కోడలి పక్కన కూర్చుని నీ చొక్కా చెయ్యి కూడా మడిచి ఇవ్వు. తండ్రి రక్తం చూడనిదే ఆ లెక్క తేలదు.