ఒక పోరాటము, రెండు చరిత్రలు



కలిదిండిలో చేపల చెరువు గట్టుమీద ఇద్దరు కూలీలు తగవులాడి పెద్దలయొద్దకు వచ్చినయెడల, మనము ఒక్కని మాట విని తీర్పు చెప్పము. మొదట వాదించినవాడు న్యాయవంతునిగా కనబడుననియు, ఎదుటివాడు వచ్చిన పిమ్మటనే సంగతి తేలుననియు సామెతలు 18:17 మనకు నేర్పుచున్నది. చరిత్ర చదువునప్పుడు మాత్రము ఈ జాగ్రత్తను మరచుచున్నాము.

1864లో పలు దేశముల కార్మికులు లండనులో కూడి ఒక అంతర్జాతీయ సంఘమును స్థాపించిరి. ఒక దేశములో పనివారు సమ్మె చేసినప్పుడు యజమానులు పొరుగు దేశపు కూలీలను దింపుచుండిరి. దానిని ఆపుట వారి ఉద్దేశములలో నొకటి. కాని 1872లో హేగ్ మహాసభలో ఆ సంఘము చీలెను. మార్క్సు పక్షమువారు బకూనిన్‌ను బహిష్కరించిరి. అతడు రహస్య ముఠా కట్టి సంఘమును చెరిపెనని ఒక పక్షము వ్రాసెను. అధికారమంతయు తమ చేతిలో పెట్టుకొని మార్క్సు వర్గమువారే చెరిపిరని రెండవ పక్షము వ్రాసెను.

ఇది మనకు దూరపు సంగతి కాదు. 1946–51 నాటి తెలంగాణ సాయుధ పోరాటమునుగూర్చి పుచ్చలపల్లి సుందరయ్యగారును, రావి నారాయణరెడ్డిగారును వేరువేరుగా వ్రాసిరి. ఇద్దరును అందు పాల్గొన్నవారే. అయినను 1948 తరువాత దానిని కొనసాగించుట సరియా అనుదానియందు వారు ఏకీభవింపలేదు. 1964లో వారి పార్టీయు రెండాయెను.

మరి నిజమెట్లు తెలియును? చెరిసగము పంచుట న్యాయము కాదు. జరిగిన తేదీలు, చేసిన తీర్మానములు, చెల్లించిన కూలి, ఇవి ఏ పక్షమునకును లొంగవు. ముందు వానిని విచారింపవలెను. పిమ్మట, ఈ కథలో ఎవరి మాట వినబడుటలేదని అడుగవలెను. చేలు కోసినవారికి ఇయ్యక బిగబట్టిన కూలి మొరపెట్టుచున్నదని యాకోబు 5:4 చెప్పుచున్నది. నాయకుల తగవులో ఆ మొర మునిగిపోయినయెడల, ఆ చరిత్ర ఎంత లావు గ్రంథమైనను కొరతగలదే.

మన సంఘముల చరిత్రయు ఇట్టిదే. శిలాఫలకములమీద దొరల పేర్లును, దాతల పేర్లును గలవు. గుడి గోడలకు మట్టి మోసిన తల్లుల పేర్లు లేవు. వారిని ఎరిగిన వృద్ధులు ఇంకను మన మధ్య నున్నప్పుడే అడిగి వ్రాసికొందము.

పొరుగువానిమీద అబద్ధసాక్ష్యము పలుకరాదని ఆజ్ఞ గలదు. అతడు చేసిన మంచిని దాచి చెప్పుటయు అబద్ధసాక్ష్యమే. మనతో ఏకీభవింపనివాడును మన పొరుగువాడే.